ఎత్తుడు పాట

ఆ ఇంగ్లీషు పాట పేరు నేనిక్కడ రాయను. రాస్తే మీరు ఫోన్లో వెతుకుతారు, వింటారు, విన్నాక నాలాగే తల పట్టుకుని కూర్చుంటారు. మా ఇంట్లో ఇద్దరం అలా కూర్చున్నాం, చాలు.

ఇదంతా మా ఆయన కొత్త ఫోనుతో వచ్చి పడింది. ఆయన నంద్యాలలో విత్తనాల కంపెనీలో పనిచేస్తాడు. పని విత్తనాలది, పిచ్చి ఇంగ్లీషు పాటలది. పెళ్లికి ముందే ఒక గిటారు కొన్నాడట. తీగ తెగాక దాన్ని అటకెక్కించాడు గానీ పిచ్చిని మాత్రం దించలేదు. కొత్త ఫోనులో ఒక సదుపాయం ఉంది. ఏ పాట వినిపించినా అది ఎవరిదో, ఎప్పటిదో చెప్పేస్తుంది. ఇక కొన్నాళ్లు మాకు మనశ్శాంతి లేదు. టీవీ ముందు పెట్టాడు, గుడి మైకు కింద పెట్టాడు, చెత్తబండి పాట వినిపిస్తే బనియను మీదే గేటు దాకా పరిగెత్తాడు. చివరికి కుక్కర్ కూతకు కూడా పెట్టి, అది ఏమీ చెప్పకపోతే నొచ్చుకున్నాడు.

ఒక ఆదివారం పొద్దున నేను దోసెలు పోస్తున్నాను. ఆళ్లగడ్డలో మా నాయన అంగడి నుంచి విగ్రహం బయల్దేరుతున్న వీడియో ఎవరో పంపితే చూస్తున్నాను. వెనక బ్యాండు మోగుతోంది. మా ఆయన అలవాటుగా తన ఫోను తెచ్చి నా ఫోను పక్కన పెట్టాడు. పెట్టి, నోట్లో దోసె ముక్క అలాగే ఉంచుకుని నిలబడిపోయాడు.

"ఏమే, మీ నాయనోళ్ల ఎత్తుడు పాట ఇంగ్లీషోళ్లది" అన్నాడు.

"గమ్మునుండు, దోసె మాడుతాంది" అన్నాను నేను.

ఎత్తుడు పాట అంటే తెలియనివాళ్లకు చెప్పాలి. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన దేవుళ్లను చెక్కే అంగళ్లు ఉంటాయి. మా నాయనది అలాంటి ఒక అంగడి. మా ఊళ్లో విగ్రహం పూర్తయితే దాన్ని బస్తా వేసినట్టు ఊరికే లారీలో వేయరు. కొత్త పంచె చుట్టి, ముఖం మీద గుడ్డ కప్పి, గుమ్మడికాయ కొట్టి, గొలుసు తగిలించి ఎత్తుతారు. లారీలో వరిగడ్డి పరుపు సిద్ధంగా ఉంటుంది. మా అంగడిలో దీనికి ఇంకో పద్ధతి ఉంది. విగ్రహం నేలను వదిలే క్షణాన బ్యాండు మోగాలి. ఆ క్షణానికి ఒకే పాట. దానికి మాటల్లేవు. అడుగు వేయాలా వద్దా అన్నట్టు మెల్లగా మొదలవుతుంది, నడుమ ఒకచోట సర్రున జారుతుంది, జారినచోటి నుంచి డ్రమ్ములన్నీ కలిసి పైకి లేస్తాయి. అది లేచినప్పుడే విగ్రహం లేవాలి. మా తాత కాలంలో ఎవరో తొందరపడి పాట లేకుండా ఎత్తుకుపోతే చాగలమర్రి దాటకముందే అమ్మవారి చెయ్యి విరిగిందని చెబుతారు. అప్పటి నుంచి మా నాయన కూడా పాట లేనిదే గొలుసు ముట్టనివ్వడు.

ఆ పాట వాయించేది మామ. మామ మాకు చుట్టం కాదు. నంద్యాలలో బ్యాండు మేళం నడిపే ముస్లిం ఇంటి మనిషి. మా నాయనను బావా అని పిలుస్తాడు, అందుకని నాకు మామ. ఆయన వాయించేది క్లారినెట్. ఆయనకు ముందు ఆయన నాయన వాయించేవాడు, అదే క్లారినెట్ మీద, అదే మేళంలో. ఎత్తుడు పాట కట్టింది ఆ పెద్దాయనేనని మామ చెబుతాడు, మేమూ అదే నమ్మాం. నమ్మకపోవడానికి కారణమేముంది? పాటకు కర్త ఎవరని ఊరేగింపులో ఎవరూ ఆపి అడగరు కదా.

పైగా ఆ పాట మా అంగడి దాటి ఎప్పుడో పోయింది. పెళ్లి మెరవణిలో అదే, వినాయకుణ్ణి నీళ్లలో వదిలేటప్పుడూ అదే, మొహర్రంలో పీర్లు లేచేటప్పుడూ అదే. ఎన్నికల్లో ఒక పార్టీ దానికి మాటలు కట్టి ఆటోలో తిప్పితే, రెండో పార్టీ వాళ్లు అదే పాటకు తిట్లు కట్టి తిప్పారు. మా బడిలో డ్రిల్లుకు అదే. మినరల్ నీళ్ల బండికి అదే. మా పాప చంటిబిడ్డగా ఉన్నప్పుడు నాకు జోలపాటలు రాక అదే కూనిరాగం తీస్తే, అది నిద్రపోవాల్సింది పోయి కాళ్లు ఆడించేది. ఇంతకాలం మా ఆయన ఆ పాటను వినలేదా అంటే, విన్నాడు. పెళ్లి ఊరేగింపులో వినబడే చప్పుడును పాట అని ఎవరనుకుంటారు అని ఆయన వాదన. నాకు ఒళ్లు మండింది. మా పెళ్లిలో గుర్రం మీద కూర్చున్నది ఆయనే.

దోసె తిన్నాక ఇయర్‌ఫోను నా చెవిలో పెట్టి అసలు పాట వినిపించాడు. ఒక గిటారు. అడుగు వేయాలా వద్దా అన్నట్టు మొదలైంది. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఎవరో తెలిసినవాళ్లు వేషం వేసుకుని వచ్చినట్టు అనిపించింది. తర్వాత నడుమ ఆ జారుడు వచ్చింది. అచ్చం అదే. నవ్వు ఆగిపోయింది. ఒక మగగొంతు ఏదో అరుస్తోంది, డ్రమ్ములు లేస్తున్నాయి, నా కళ్ల ముందు మాత్రం పంచె కట్టుకున్న దేవుడు గొలుసుకు వేలాడుతూ లేస్తున్నాడు.

"దీని కథ శానా ఉంది" అని మా ఆయన మొదలుపెట్టాడు. ఎక్కడో ఎప్పుడూ వాన కురిసే ఒక ఊళ్లో కుర్రాళ్లు కొందరు అద్దెగదిలో కూర్చుని కట్టారట. ఇంట్లోవాళ్లకు చెప్పకుండా వెళ్లిపోతున్న ఒకడు గడప దగ్గర నిలబడి పాడుకునే పాటట. కాదు, అది తాగుడు గురించి అని ఇంకొకరు రాశారట. గిటారు పట్టినవాడేమో నేనే కట్టానంటాడట, పాడినవాడు నేనే కట్టానంటాడట, అక్కడికి వాళ్లిద్దరూ మాటలు మానుకున్నారట. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చదివి వినిపిస్తుంటే నాకు అయోమయం ఎక్కువైందే గాని తగ్గలేదు. కట్టినవాళ్లకే ఎవరు కట్టారో తెలియని పాట మా మామ వాళ్ల నాయనది కాదని వీళ్లెలా చెబుతారు?

"ఎప్పటిది?" అన్నాను.

ఆయన చెప్పాడు. నేను పుట్టిన యేడు.

నాకు మతిపోయింది. ఎందుకంటే మా అవ్వ బతికున్నంత కాలం నా చెవిలో ఒక మాట ఊదరగొట్టింది. నన్ను తొట్లెలో వేసి పేరు పెట్టిన రోజు మేళం పెట్టించారని, మామ అప్పటికి మీసాలు సరిగా రాని పిల్లగాడని, ఎత్తుడు పాట వాయిస్తే నేను ఏడుపు ఆపి చూశానని. మా తాత కాలంలో చెయ్యి విరిగిన అమ్మవారి కథ అంతకంటే ముందుది. మరి ఆ వానల ఊళ్లో పాట పుట్టిన యేడే ఆళ్లగడ్డలో నా తొట్లె దగ్గరికి ఎలా వచ్చింది? అప్పట్లో నంద్యాల నుంచి మా ఊరికి పెళ్లి పత్రిక రావడానికే లగ్నం దాటిపోయేది.

"మీ అవ్వ తప్పు చెప్పింటాది" అన్నాడు మా ఆయన. "ఊర్లో అన్నిటికీ అదే పాట గదా. జరిగినవాటికి, జరగనివాటికి, అన్నిటికీ దాన్నే అతికించుకున్యారు. రుజువేముంది?"

రుజువు లేదు. మా దగ్గరున్న పాత టేపు మా పెళ్లిదే. దానిలో పాట కంటే మా ఆడబిడ్డ అరుపులే ఎక్కువ. అయినా మా అవ్వను అబద్ధాలకోరు అంటే ఎవరికి కోపం రాదు? ఆ పూట నేను ఆయనతో మాట్లాడలేదు.

మాట్లాడి ఉంటే బాగుండేది. నేను అటు తిరిగి పడుకున్న ఆ పూటే ఆయన తన ఫేసుబుక్కులో రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి, మా ఆళ్లగడ్డ దేవుళ్లు ఏ ఇంగ్లీషు పాటకు లారీ ఎక్కుతారో తెలుసా అని గొప్పగా రాశాడు. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు. ఆయనకు ఎంతో ఇష్టమైన రెండు లోకాలు ఒకచోట కలిశాయని మురిసిపోయాడు. కానీ చూసినవాళ్లందరూ మురిసిపోరు కదా.

రెండో రోజుకే మా నాయన ఫోను చేశాడు. నాయన ఫోనులో ఎక్కువ మాట్లాడడు. మాట్లాడితే ఎదుటివాడు చెవిటివాడన్నట్టు మాట్లాడతాడు.

"పాపా, ఏం చేసినాడు నీ మొగుడు?"

కొలిమిగుండ్ల పక్క ఊరివాళ్లకు నాయన ఆంజనేయుణ్ణి చెక్కాడు. ఇప్పుడు ముఖాలు చెక్కడానికి తప్ప ఆయన సుత్తి పట్టడం లేదు గానీ, ఈ ఆంజనేయుణ్ణి మాత్రం తోక నుంచి కిరీటం దాకా తానే చెక్కాడు. శనివారం ఎత్తుకుపోవాలి. ఇంతలో ఆ ఊరి గుడి పెద్దమనిషి ఎవరి ఫోనులోనో ఆ వీడియో చూశాడు. చొక్కాలు లేకుండా, జుట్లు విరబోసుకుని, సీసాలు పట్టుకుని ఎగురుతున్న మనుషుల్ని చూశాడు. నేరుగా అంగడికి వచ్చి, ఆ పాట వాయిస్తే దేవుణ్ణి మేం ముట్టం అని చెప్పి పోయాడు.

"నువ్వేమన్నావు నాయనా?"

"ఆ పాట లేకుంటే నేను గొలుసు తగిలియ్యనన్యా."

"ఇప్పుడెట్ల మరి?"

"ఆంజనేయుడు ఈడనే ఉంటాడు. నాకేం బరువా?" అని పెట్టేశాడు.

ఇది ఇద్దరు మొండివాళ్ల తగువు అనుకున్నాను. నాలుగు మాటలు చెబితే సర్దుకుంటుందిలే అనుకున్నాను. సాయంత్రం మామ మా ఇంటికి వచ్చాకే అసలు దెబ్బ ఎవరికి తగిలిందో తెలిసింది.

మామ ఎప్పుడొచ్చినా గేటు దగ్గరి నుంచే కేకేస్తాడు. ఆ రోజు చెప్పుల చప్పుడు కూడా లేకుండా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. టీ ఇస్తే పక్కన పెట్టుకున్నాడు. మా ఆయన ఇంట్లోంచి బయటికి రాలేదు. వస్తే నేను ఊరుకునేదాన్ని కాదని ఆయనకూ తెలుసు.

"పాపా, ఆ పాట మా నాయనది కాదంటాండారే. నిజమేనా?"

"ఏమో మామా, ఎవరికీ సరిగ్గా తెల్దు" అన్నాను. అది అబద్ధం కూడా కాదు.

మామ కుడిచెయ్యి చాపి చూపించాడు. "మా నాయనకు చిటికెన వేలు లేదు. సొప్ప కోసే కత్తికి పోయింది. ఆయప్ప నన్ను ఒళ్లో కూసోబెట్టుకొని, నా వేళ్ల మీద ఆయప్ప వేళ్లు పెట్టి నేర్పించినాడు ఈ పాట. నా చిటికెన వేలు మీద మాత్రం ఏమీ ఉండదు, ఖాళీ. ఆ వేలు లేక ఆడ స్వరం అందక జారుతాది పాట. నాకు వేలున్నా, నేను ఆయప్ప మాదిరే జారతా."

ఆ జారుడు గురించి నేనెప్పుడూ అడగలేదు. అది పాటలో భాగమనే అనుకున్నాను. మామకు ఆయన నాయన గురించి గుర్తున్నది ఇదొక్కటేనట. ముఖం గుర్తు లేదు, ఫోటో లేదు. మామ బాగా చిన్నగా ఉన్నప్పుడే ఆయన పోయాడు. మిగిలింది ఆ ఒడి, ఆ వేళ్లు, వేళ్ల కింద ఈ పాట.

"నాది కాని పాటను మా నాయనదని ఇన్ని దినాలు చెప్పుకున్యానా నేను?" అన్నాడు మామ. "అట్లయితే ఇంక వాయించను పాపా. దేవుని ముందర అబద్ధం వాయించకూడదు."

"పోనీ ఒకసారి విను మామా. నువ్వే చెప్పు ఒకటో కాదో."

"ఈడొద్దు. శనివారం ఆడ, మీ నాయన ముందర వింటా. ఒకటే అయితే, క్లారినెట్ మూటగట్టుకొని ఆడినుంచే ఇంటికి పోతా."

ఆయన వెళ్లాక టీ చూస్తే మీగడ కట్టింది. లోపలికి వెళ్లి మా ఆయనను చెడామడా తిట్టాను. తిట్టడం అయ్యాక ఏడుపొచ్చింది. ఎందుకంటే నాకు అప్పుడే ఒక సంగతి తట్టింది. నేను పుట్టిన యేటికి మామకు మీసాలు వస్తున్నాయి. ఆయన నాయన అప్పటికి పోయి ఎన్నో యేళ్లు. ఆ పాట నేను పుట్టిన యేటిదే అయితే, ఆ పెద్దాయన చెవిన అది పడే వీలే లేదు. అంటే ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పింది ఈ పాట కాదు. మరి ఏమి నేర్పాడు? అసలు నేర్పాడా? మామ ఎప్పుడో ఏ హోటల్ రేడియోలోనో, ఎవరో తెచ్చిన క్యాసెట్లోనో ఈ పాట విని, తెలియకుండానే తీసుకెళ్లి వాళ్ల నాయన ఒళ్లో పెట్టుకున్నాడా? మనిషికి అలా కూడా జరుగుతుందా? జరిగితే మా అవ్వకు కూడా అలాగే జరిగిందా? ఆలోచించేకొద్దీ నా సొంత పెళ్లిలో ఆ పాట మోగిందో లేదో కూడా అనుమానం వచ్చింది. అర్ధరాత్రి మా ఆయనను లేపి అడిగాను. "మోగింది, పడుకో" అన్నాడు.

ఒకటి మాత్రం గట్టిగా అనుకున్నాను. యేడు సంగతి మామకు చెప్పకూడదు. పాట పోతే పోనీ, ఆ ఒడి కూడా పోకూడదు.

శనివారం ఇద్దరం బస్సెక్కాం. నాకు కిటికీ పక్కన, ఆయన నా పక్కన, నడుమ నా సంచి. శిరివెళ్ల దాటాక ఆయన గొణిగాడు, "మామకు యేడు సంగతి చెప్పొద్దా?"

"చెప్పినావంటే చూడు" అన్నాను.

మా వెనక సీట్లో చాగలమర్రికి చెందిన ఒకామె మా మాటలు వింటూనే ఉంది. ఉండబట్టలేక ముందుకు వంగింది. "యా పాటమ్మా? పీర్ల పాటేనా? అది మా ఊరిది. మా జేజి చిన్నప్పటి నుంచి ఉంది" అంది. నేను ఆమెకు దండం పెట్టి అటు తిరిగాను.

అంగడిలో ఆంజనేయుడు పంచె చుట్టుకుని, ముఖం మీద గుడ్డతో నిలబడి ఉన్నాడు. గొలుసు తగిలించలేదు. లారీలో గడ్డి పరిచారు. గుడి పెద్దమనిషి చేతులు కట్టుకుని లారీకి ఆనుకుని ఉన్నాడు, తెల్ల చొక్కా మీద రాతి దుమ్ము పడకుండా. నాయన ఇటువైపు రాతి దిమ్మె మీద కూర్చున్నాడు. వాళ్లిద్దరి నడుమ మామ, కింద పరిచిన గోనెపట్టా మీద, ఒళ్లో క్లారినెట్. మేళంవాళ్లు డ్రమ్ములు దించి వేపచెట్టు నీడన కూర్చున్నారు.

"పెట్టప్పా" అన్నాడు మామ మా ఆయనతో.

మా ఆయన ఫోను శబ్దం పెంచి, గోనెపట్టా మీద పెట్టాడు.

గిటారు మొదలైంది. మామ కళ్లు మూసుకున్నాడు. నేను పాట వినలేదు, మామ చేతినే చూస్తున్నాను. ఆయన వేళ్లు క్లారినెట్ మీద ఊదకుండానే కదులుతున్నాయి. గొంతు వచ్చింది, డ్రమ్ములు వచ్చాయి. ఆ జారుడు దగ్గరికి రాగానే ఆయన చిటికెన వేలు లోపలికి ముడుచుకుంది. ఫోనులో గిటారు కూడా అక్కడే సర్రున జారింది. మామ కళ్లు తెరిచాడు. పాట పూర్తయ్యేదాకా ఫోనువైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఒకటే పాట" అన్నాడు.

నాయన దిమ్మె మీద నుంచి లేచాడు. ఏమి చేయాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. మా నాయన అలా తడబడటం నేను ఎప్పుడూ చూడలేదు.

"నేను చెప్పలా?" అన్నాడు పెద్దమనిషి. ఆ మాటలో గెలుపు లేదు. మామ ముఖం చూశాక ఆయనకూ ఇబ్బందిగానే ఉంది.

మామ క్లారినెట్‌ను గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. సగం చుట్టి ఆగాడు. "ఎప్పుడు కట్టినారంట వాళ్లు దీన్ని?"

నేను గబగబా అందుకున్నాను. "ఎప్పుడో పాతకాలం మామా. సరిగ్గా తెల్దు."

"నీకు తెల్దు. నీ మొగుణ్ణి అడుగుతాండా. ఫోనులో ఉంటాది గదా?"

మా ఆయన నావైపు చూశాడు. నేను కళ్లతోనే చంపేశాను. కానీ ఆయనకు అబద్ధం చెప్పడం చేతకాదు, అదొక్కటే ఆయనతో వచ్చిన చిక్కు. "మా ఇంటామె పుట్టిన యేడు మామా" అన్నాడు తలవంచుకుని.

మామ చేతిలోని గుడ్డ కదలలేదు. ఆయన మనసులో లెక్క వేసుకుంటున్నాడు, నాకు కనబడుతోంది. ఇప్పుడు తెలిసిపోతుంది, ఆ ఒడి ఖాళీ అయిపోతుంది అనుకుంటూ నిలబడ్డాను.

"పాప తొట్లెకు వాయించింది నేనే గదా బావా" అన్నాడు మా నాయనతో.

"నువ్వే" అన్నాడు నాయన.

"అప్పటికి మా నాయన లేడు."

"లేడు. పోయి శానా యేండ్లాయ."

మామ మెల్లగా, ఒక్కొక్క మాటా తడిమి చూసుకుంటున్నట్టు అన్నాడు. "అంటే, మా నాయన పోయినాంక కట్టినారు వాళ్లు."

మామ సగం చుట్టిన క్లారినెట్ వైపు చూశాడు.

"అట్లయితే మా నాయనదే గదా ముందు."

నేను నోరు తెరిచాను. మూశాను. మా ఆయన కూడా తెరిచి మూశాడు. అందులో ఎక్కడో తప్పుంది, తప్పకుండా ఉంది, కానీ అది ఎక్కడుందో వేలు పెట్టి చూపించడం నా వల్ల కాలేదు.

"సూడు బావా" అని మామ చిటికెన వేలు ఎత్తి చూపించాడు. "మా నాయన జారిన చోటే వాళ్లూ జారతాండారు. మా నాయనకంటే వేలు లేదు. పది వేళ్లున్నోళ్లకు ఆడ జారే పనేముంది?"

పెద్దమనిషి లారీని వదిలి ముందుకు వచ్చాడు. మోచేతులు గోక్కున్నాడు. పొలం గట్టు తగువు తీర్చేటప్పుడు ఎంత ఆలోచిస్తాడో అంతా ఆలోచించాడు. "ముందు కట్టినోళ్లదే గదప్పా పాట" అన్నాడు చివరికి. "ఎనకొచ్చినోళ్లు తాగి ఎగిరితే దానికి వీళ్లేం చేస్తారు?" ఆ తర్వాత ఆయనకు ఒక అనుమానం వచ్చింది. "ఔగానీ, అంత దూరం వాళ్లకు యాడ దొరికింది ఇది?"

"ఏమో అన్నా" అన్నాడు మామ. "మా నాయన శానా ఊర్లు తిరిగినాడు."

నాయన ఇక ఆగలేదు. "బేగా తగిలియ్యండప్పా గొలుసు, పొద్దెక్కుతాంది" అని కసిరాడు. కసురుతూనే భుజం మీది తుండుతో ముఖం తుడుచుకున్నాడు. మామ క్లారినెట్ గుడ్డ విప్పాడు. వేపచెట్టు కింద మేళంవాళ్లు లేచి డ్రమ్ములు తగిలించుకున్నారు. గుమ్మడికాయ కొట్టారు.

పాట మెల్లగా మొదలైంది. గొలుసు బిగిసింది. మామ ఆ చోటికి వచ్చాడు, వేలు ముడిచాడు, జారాడు. డ్రమ్ములు లేచాయి. ఆంజనేయుడు నేల వదిలాడు. నేను ఎన్నిసార్లు చూశానో ఆ దృశ్యం, అయినా ఆ రోజు వెక్కి వెక్కి ఏడ్చాను. సంతోషమేనని అనుకుంటాను. పెద్దమనిషి ముఖం గంభీరంగా పెట్టుకునే ఉన్నాడు గానీ ఆయన కుడికాలి చెప్పు మాత్రం నేలమీద తాళం వేస్తోంది.

లారీ వెళ్లాక నాయనను పక్కకు పిలిచి అడిగాను. "నాయనా, నిజం చెప్పు. నేను పుట్టకముందు ఆ పాట ఉండిందా?"

నాయన నన్ను వింతగా చూశాడు. "పాట లేకుండా విగ్రహం ఎట్ల లేస్తాదే?" అన్నాడు.

సాయంత్రం నంద్యాల బస్సులో మా ఆయన ఫోను తీశాడు. ఇక్కడ కూడా ఆ గోల ఎందుకు అనబోయి ఊరుకున్నాను. ఒక ఇయర్‌ఫోను నాకిచ్చి, ఇంకొకటి తన చెవిలో పెట్టుకున్నాడు. గిటారు మొదలైంది. కిటికీలోంచి సగం చెక్కిన దేవుళ్లు వెనక్కి పోతున్నారు. ఎవరిది ఎవరికి దొరికిందో, ఎవరు ముందో, మా అవ్వ సరిగ్గా చెప్పిందో లేదో, నాకు ఏమీ తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. జారుడు దగ్గరికి వచ్చింది. పక్కకు చూస్తే, మోకాలి మీద తాళం వేస్తున్న మా ఆయన చేతి చిటికెన వేలు లోపలికి ముడుచుకుని ఉంది. నా చెయ్యి చూసుకున్నాను. నాదీ ముడుచుకుంది.